కొండకోట ఉన్న రెండు ఊళ్ళు

ఉదయగిరిని గూర్చి ప్రసంగించవలసి వచ్చినప్పుడెల్ల మాకు ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణము జ్ఞప్తికి వచ్చుచుండును. దాని పేరు డార్చెస్టరు. మన కళాశాలలలో ఆంగ్ల సాహిత్యము చదివినవారికి అది కొత్త ఊరు కాదు. తామస్ హార్డీ తన నవలలలో కాస్టర్‌బ్రిడ్జి అని మారుపేరు పెట్టి వర్ణించిన పట్టణము అదియే. ఉదయగిరికిని దానికిని ఐదువేల మైళ్ళ దూరమున్నను పోలికలు లేకపోలేదు. రెండును పల్లెసీమ నడుమ వెలసిన ఊళ్ళు. రెండింటికిని చెంతనే ఒక కొండకోట. రెండింటి మీదను ఒక్కొక్క కాలమున ఒక్కొక్క పెద్ద రాజ్యపు భాగ్యము ఆధారపడినది. అయితే డార్చెస్టరుకు కోట చాలలేదు. విమానములు కూడ వచ్చినవి. ఆ విమానదళమునకు హైదరాబాదు పేరుండుట మరొక విశేషము. అందుచేత ముందుగా ఆ ఊరు చూచి, పిమ్మట ఆత్మకూరు మీదుగా మన ఉదయగిరికి పోవుదము.

డార్చెస్టరు ఫ్రోమ్ అను చిన్న నది ఒడ్డున ఉన్నది. రోమనులు ఆ దీవిని ఏలిన కాలమున దానిని డుర్నోవేరియా అనెడివారు. చుట్టును పంటచేలు, గొఱ్ఱెలు మేయు పచ్చిక మిట్టలు. అంగడి రోజున పల్లెలవారు వచ్చి సరకులు అమ్ముకొని పోవుటయే శతాబ్దముల తరబడి ఆ ఊరి బ్రతుకు. అట్టి ఊరికి తూర్పున ఐదారు మైళ్ళ దూరములో 1937లో బ్రిటిషు వైమానికదళమువారు ఒక విమానక్షేత్రమును తెరచిరి. మొదట దానికి వుడ్స్‌ఫర్డ్ అని పేరుపెట్టి, మరుసటి ఏట వార్మ్‌వెల్ అని మార్చిరి. విమానమునుండి గురిచూచి కాల్చుట నేర్పుటకు ఏర్పరచిన స్థలమది. సిమెంటు బాటలు కూడ లేవు. విమానములు పచ్చికమీదనుండియే లేచి, పచ్చికమీదనే దిగెడివి.

1940 జూన్‌లో ఫ్రాన్సు లొంగిపోగానే జర్మను విమానములు ఇంగ్లీషు ఛానెలుకు ఆవలి ఒడ్డునకు చేరినవి. డార్చెస్టరుకు దక్షిణముగా సముద్రతీరమున పోర్ట్‌లండు అను నౌకాస్థావరమున్నది. దానిని కాపాడుటకై జూలైలో 152వ దళము తన స్పిట్‌ఫైరు విమానములతో ఉత్తర ఇంగ్లండునుండి వార్మ్‌వెల్‌కు తరలివచ్చినది. కొండమీద కావలివాని కన్ను పూర్వము చేసిన పనిని ఆ తీరమున రాడారు చేసినది. శత్రువు సముద్రము మీద ఉండగానే కబురు అందెడిది. నిమిషములలో విమానములు ఆకాశమున ఉండెడివి. ఆగస్టు 25వ తేదీన శత్రువులు ఆ క్షేత్రము మీదనే బాంబులు వేసిరి. ఆ దళములో ఎరిక్ మార్స్ అను యువకుడుండెడివాడు. ఇరవై యేండ్లు నిండని వయసగుటచేత తోటివారు అతనిని ‘పిల్లవాడు’ అని పిలిచెడివారు. ఆ వేసవి పోరాటము దాటి బ్రతికినాడు గాని, 1941 జూలైలో ఫ్రాన్సులోని బ్రెస్టు మీద ఎగురుచుండగా మరణించినాడు.

ఇప్పుడు అక్కడ విమానములు లేవు. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ క్షేత్రము మూతపడినది. నేలను త్రవ్వి కంకర తీసికొనిపోయినారు. మిగిలిన చోట క్రాస్‌వేస్ అను గ్రామపు ఇండ్లు లేచినవి. అక్కడికి పోయిన యాత్రికుడు చూడవలసినది వార్మ్‌వెల్ గ్రామపు చర్చి ఆవరణ. అందు ఆ క్షేత్రమునకు చెందిన వైమానికుల సమాధులున్నవి. ఒక్కొక్క రాతిమీద పేరు, హోదా, మరణించిన తేదీ. విమానము లేచిన నేల మాయమైనను, దానిమీదనుండి లేచిపోయి తిరిగిరానివాని పేరు మాత్రము ఊరివారు పోనీయలేదు.

ఇక హైదరాబాదు మాట. మొదటి ప్రపంచయుద్ధపు చివరి సంవత్సరమైన 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను బ్రిటిషు వైమానికదళములో 110వ దళమునకు విమానములు కొనియిచ్చినాడు. నాటినుండి దానికి హైదరాబాదు దళమని పేరు. ఆ విమానముల ప్రక్కభాగమున దాత పేరు వ్రాసియుండెడిది. వానిలో ఒకటి 1918 అక్టోబరులో జర్మనుల చేతికి చిక్కి, తరువాత పోలండు చేరి, నేడు లండనులోని వైమానికదళపు మ్యూజియములో ఉన్నది. దానిని తయారుచేసినది డార్చెస్టరుకు ఉత్తరాన ఇరువది మైళ్ళ దూరములోనున్న యోవిల్ పట్టణము. చేతితొడుగులు కుట్టుటకు ప్రసిద్ధికెక్కిన ఆ ఊరు యుద్ధపుణ్యమా అని విమానములు కట్టుట నేర్చినది. రెండవ యుద్ధకాలమున 152వ దళమునకు, 253వ దళమునకు కూడ హైదరాబాదు పేరు కలిసినది. 152వ దళపు చిహ్నము నిజాము ధరించు తలపాగా. దాని క్రింద ‘నమ్మిన మిత్రుడు’ అను అర్థమిచ్చు మాట. 1943 చివర ఆ దళము భారతదేశమునకు వచ్చి బర్మా యుద్ధరంగమున కూడ పోరాడినది.

విమానములు ఇచ్చినవాడు నిజాము. ఆ ధనము మాత్రము వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమల రైతులు దున్నిన నేలనుండి పుట్టినదే గదా. ఇంగ్లండు ఆకాశమున తమ శిస్తు ఎగురుచున్నదని వారిలో ఎందరికి తెలిసియుండును? తలపాగా చిహ్నమైనది. నాగలి కాలేదు. చరిత్రలో ఇట్టి లెక్క ఎప్పుడును ఒకవైపే వ్రాయబడుచున్నది. ఈ సంగతి ఉదయగిరి కొండ ఎక్కునప్పుడు మరల మనకు ఎదురగును.

డార్చెస్టరు విడిచివచ్చుటకు ముందు దాని కొండకోటను కూడ చూడవలెను. ఊరికి నైరుతిగా రెండు మైళ్ళలో ఉన్న ఆ కోటను మెయిడెన్ కాజిల్ అందురు. రాతిగోడలు లేవు, మిట్ట చుట్టును వరుస వరుసగా మట్టికట్టలు, లోతైన కందకములు. క్రీస్తునకు పూర్వపు కోట అది. 1934 మొదలు 1937 వరకు మార్టిమర్ వీలర్ అను పురావస్తుశాస్త్రజ్ఞుడు అక్కడ త్రవ్వించినాడు. తూర్పు ద్వారము వద్ద అస్థిపంజరములు బయటపడినవి. ఒకదాని వెన్నెముకలో ఇనుప బాణపుములికి నాటుకొని ఉన్నది. రోమను సైన్యము కోటను పట్టిన దినమున మరణించినవారే వీరందరునని వీలర్ ఎంతో ఆకర్షణీయమైన కథ చెప్పినాడు. తరువాతి పరిశోధకులు అంత సులభముగా ఒప్పుకొనలేదు. అందరును ఒక్కనాడు చచ్చినవారు కారని వారి వాదము. వాదము ఎట్లున్నను ఆ ములికి నాటిన మనిషికి రెండువేల యేండ్ల పిమ్మట ఒక సాక్ష్యము దొరికినది. ఆ వీలరే 1944లో మన దేశపు పురావస్తుశాఖకు అధిపతిగా వచ్చి, మరుసటి ఏట పుదుచ్చేరి దగ్గర అరికమేడులో త్రవ్వకములు జరిపినాడు.

సరే, ఇక మన సీమకు వత్తము. నెల్లూరునుండి పడమరగా పోవు బాటపై ఆత్మకూరు వచ్చును. ఆత్మకూరు, ఉదయగిరి రెండును ఒకప్పుడు తాలూకా ముఖ్యపట్టణములు. ఆత్మకూరులో దిగి చూచువారు తక్కువ, దాటిపోవువారు ఎక్కువ. అయినను యుద్ధచరిత్ర చదువువాడు అక్కడ కొంచెము ఆగవలెను. దక్షిణముగా పెన్న; పడమటి దిక్కున సోమశిల దగ్గర ఆ నది కొండలను చీల్చుకొని మైదానమునకు వచ్చును. నేడు అక్కడ ఆనకట్ట ఉన్నది. కోటను గూర్చి మాటలాడువారు గోడల ఎత్తు చెప్పుదురు, బురుజుల లెక్క చెప్పుదురు. ఆ గోడల వెనుకనున్నవారు ఏమి తినిరో చెప్పరు. కొండమీద ధాన్యము పండదు. ఆత్మకూరువంటి దిగువ నేలలనుండియే ఆ గింజ కొండ ఎక్కవలెను. ఆ బాట మూసినవాడే కోటకు అసలు శత్రువు.

ఆత్మకూరు విడిచి వాయవ్యముగా పోయినకొలది నేల ఎఱుపెక్కును, చేలు పలచబడును, వెలికొండలు దగ్గరపడును. ఉదయగిరి దుర్గము శిఖరము 3,079 అడుగుల ఎత్తు. ఊరు దాని తూర్పు పాదమున ఉన్నది. ప్రొద్దు పొడుపు వెలుగు మొదట ఆ బండమీద పడుట చూచినవారికి ఊరిపేరు వివరించి చెప్పనక్కరలేదు. పూర్వము అక్కడ పదమూడు కోటలుండెడివి. కొండమీద ఎనిమిది, దిగువ ఐదు. ఒక ప్రక్క కొండ గోడ కట్టినట్లు నిట్టనిలువు. కొన్నిచోట్ల ఆ కొమ్ము వేయి అడుగులు. ఎక్కుటకు వీలైన రెండవ ప్రక్క ప్రతి దారిని ఒక వరుస గోడ కాచుచుండెను.

విజయనగరము స్థాపించిన తొలినాళ్ళలోనే హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఉదయగిరినుండి తూర్పుసీమను ఏలినాడు. పదునైదవ శతాబ్దమున ఓఢ్ర గజపతులు దక్షిణమునకు దిగివచ్చి ఈ దుర్గమును పట్టిరి. మరల చేజారినది, మరల పట్టిరి. గజపతుల కాలమున ఇచ్చట ఏలిన బసవభూపాలుని మంత్రి గంగయ తెలుగు కవులను ఆదరించినాడు. దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానము, నంది మల్లయ ఘంట సింగనల ప్రబోధచంద్రోదయము ఆయనకు అంకితములైనవి. కత్తులు నూరు ఊరిలో కావ్యములు కూడ పుట్టినవని చెప్పుటకు నెల్లూరివారు సంకోచింప పనిలేదు.

1509లో సింహాసనమెక్కిన శ్రీకృష్ణదేవరాయలు తూర్పుదిక్కున మొదట పెట్టుకొన్న గురి ఈ కొండయే. 1513లో ముట్టడి మొదలైనది. ఇరువదియేండ్ల తరువాత విజయనగరమున నివసించిన పోర్చుగీసు గుర్రముల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ ఆ కథను విని వ్రాసియుంచినాడు. ఆయన లెక్క ప్రకారము రాయలు తెచ్చినది ముప్పది నాలుగువేల కాలిబలము, ఎనిమిది వందల ఏనుగులు. లోపలనున్నది పదివేల బంట్లు, నాలుగు వందల గుఱ్ఱములు. ఇట్టి లెక్కలను కొంత తగ్గించి చదువుట చరిత్రకారుని మర్యాద. కాని ఆయన చెప్పిన మరొక సంగతి అబద్ధమనుటకు వీలులేదు. కొండను చూచినవాడు వెంటనే నమ్మును. పైకి పోవు దారి ఒక్కటే; అదియు మనిషి వెనుక మనిషి పోవలసినంత ఇరుకు. రాయలు ఏమి చేసినాడు? గోడలకు నిచ్చెనలు వేయించుటతో సరిపుచ్చలేదు. చుట్టునున్న కొండలమీద పెద్ద పెద్ద గుండ్లను పగులగొట్టించి బాటలు వేయించినాడు. ఆ ఇరుకు దారినే వెడల్పు చేయించినాడు. పదునెనిమిది నెలలు ఆ పని జరిగినది. కొండను పట్టుకొనుటకు మార్గము దానిని కొంచెము కొంచెముగా కొండ కాకుండ చేయుటయే అని ఆయన గ్రహించినట్లున్నది. లోపలివారిని ఆకలి, వెలుపలివారిని రాయి పరీక్షించినవి.

1514 జూన్‌లో కోట లొంగినది. గజపతి ప్రతాపరుద్రుని పినతండ్రియైన తిరుమల రౌతురాయ మహాపాత్రుడు చెరపడినాడని శాసనములు చెప్పుచున్నవి. నూనిజ్ మాత్రము చిక్కినది గజపతి మేనత్త అనియు, రాయలు ఆమెను గౌరవముతో చూచినాడనియు వ్రాసినాడు. మేము శాసనముల మాటకే మొగ్గుదుము. అయినను అంతఃపుర స్త్రీలు కూడ ఆ పదునెనిమిది నెలల ఆకలిని పంచుకొనియుందురను ఊహ కాదనదగినది కాదు. రాయలు దుర్గమును రాయసము కొండమరుసయ్యకు అప్పగించి తిరుమలకు పోయినాడు. జూలై 6వ తేదీన దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి వెంటరాగా స్వామికి ముప్పదివేల బంగారు నాణెములతో కనకాభిషేకము చేసినాడు. ఆ వివరము తిరుమల శాసనములలో ఉన్నది.

ఉదయగిరినుండి రాయలు తీసికొనిపోయిన వానిలో అన్నిటికంటె మిన్నయైనది బంగారము కాదు, ఒక బాలకృష్ణ విగ్రహము. దానికై విజయనగరమున ప్రత్యేకముగా ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించినాడు. హంపీ పోయినవారు చూచెడి కృష్ణాలయము అదియే. ఆ విగ్రహము ఉదయగిరినుండి తెచ్చినదని అక్కడి శాసనమే చెప్పుచున్నది. 1565 తరువాత విజయనగరము పాడుపడినది, ఆలయము బోసిపోయినది. కాలపు దెబ్బలు తిన్న ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది.

శ్రోతలు ఈ లెక్కను ఒకసారి గమనింతురు గాక. గెలిచినవాని పేరు తిరుమలలో ఉన్నది, హంపీలో ఉన్నది. చెరపడిన సామంతుని పేరు ఉన్నది. మరి పదునెనిమిది నెలలు గుండ్లు పగులగొట్టిన ఉప్పరులు, రాళ్ళుకొట్టువారు ఎవరు? లోపల ఆకలితో గోడ కాచిన ఆ బంట్లు ఎవరు? వారిలో ఓఢ్రులెందరు, ఈ సీమ తెలుగువారెందరు? ఒక్క పేరైనను మిగులలేదు. వార్మ్‌వెల్ చర్చి ఆవరణలోని రాళ్ళు మాకు ఇక్కడనే మరల జ్ఞప్తికి వచ్చినవి. ఇంగ్లండు మనకంటె గొప్పదనుట కాదు. మెయిడెన్ కాజిల్‌లో వెన్నున ములికి నాటిన మనిషికిని పేరులేదు. సామాన్యుని పేరు రాతికెక్కుట ఆ దేశములో కూడ నిన్న మొన్నటి మాటయే. సైన్యము జీతపు పట్టీలు జాగ్రత్తగా వ్రాసిపెట్టుకొనుట నేర్చిన తరువాతి సంగతి. పేరు దొరకనిచోట పలుగు, పార సాక్ష్యము తీయవలెను. ఉదయగిరి మట్టిని కూడ అడిగినగదా తెలియును.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. పదునేడవ శతాబ్దము నడుమ దుర్గము గోలకొండవారి వశమైనది. అబ్దుల్లా కుతుబ్‌షాకు సామంతుడైన షేక్ హుస్సేన్ కొండమీద మసీదు కట్టించి తోట వేయించినాడని అక్కడి రెండు పారసీక శాసనములు తెలుపుచున్నవి. బండలమీద తోట వేయించిన మనిషిని మేము మెచ్చకుండ ఉండలేము. ఆర్కాటు నవాబుల కాలమున ఇది జాగీరైనది. 1839లో కర్నూలు నవాబు మీద కుట్ర నేరము మోపి పదవినుండి తొలగించిన సందర్భముననే ఉదయగిరి జాగీరుదారు అబ్బాస్ అలీఖాను మీద కూడ అనుమానము వచ్చినది. కుంఫిణీవారు ఆయనను చెంగల్పట్టుకు పంపివేసిరి. దానితో ఉదయగిరి యుద్ధచరిత్ర ముగిసినదనవచ్చును. కోటకు పని లేకపోయినది.

పని లేకపోవుటకు కుంఫిణీ ఒక్కటే కారణము కాదు. ఫిరంగి వచ్చి ఎత్తు విలువను తగ్గించినది. విమానము వచ్చి దానిని తుడిచివేసినది. వేయి అడుగుల కొమ్ము గ్రద్దకు అడ్డుకానట్లే విమానమునకును అడ్డుకాదు. 2022 డిసెంబరు 29వ తేదీన ఉత్తరముగా బాపట్ల జిల్లా కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై భారత వైమానికదళపు విమానములు అత్యవసర సమయమున దిగుటకు వీలైన బాటను పరీక్షించుచు తక్కువ ఎత్తున ఎగిరినవి. బండ్లు పోవు బాటయే ఇప్పుడు కోట. రాయలు ఇరుకు దారిని వెడల్పు చేయించిన నాటి ఆలోచనకును దీనికిని చుట్టరికము లేకపోలేదు.

ఊరు మాత్రము కోటతోబాటు మూతపడలేదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేయు కుటుంబములున్నవి. కొండమీద దొరకు నర్ది, బిక్కి, కలివి వంటి కర్రలను చెక్కి, పిడులకు లతలు దిద్ది, చూడముచ్చటగా తీర్తురు. వారిలో స్త్రీలే ఎక్కువ. ఈ పనితనమునకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. ఒక గరిటె కొనకుండ ఉదయగిరినుండి తిరిగివచ్చుట తగదని మా అభిప్రాయము. కొన్నవాడు కొండను కూడ కొంచెము ఇంటికి తెచ్చుకొన్నట్లే.

కొండ ఎక్కదలచినవారు వేసవిని విడిచి చలికాలమున పోవలెను. ప్రొద్దు పొడువక ముందే బయలుదేరి, నీళ్ళు వెంట తీసికొని, దారి తెలిసిన మనిషిని తోడు పిలుచుకొనవలెను. ముండ్లపొదలు బాటను కప్పి ఉండును. దిగువ రంగనాయకుల ఆలయపు శిథిలములను చూచి పైకి పోవుట మేలు. ఎక్కునప్పుడు తలయెత్తి బురుజులనే చూడక, అప్పుడప్పుడు కాలి క్రింది రాతిని కూడ చూడవలెను. తాను పుట్టినప్పటినుండి అట్లే ఉన్న బండ ఏది, మనిషి పగులగొట్టిన గుండు ఏది అని గుర్తించుట కష్టమే గాని, ప్రయత్నించుటకు అంతకంటె మంచి చోటు లేదు. మేము ఎక్కిననాడు మాతో వచ్చిన పెద్దాయన ఒక మలుపువద్ద నిలిచి, “ఇక్కడ ఇద్దరు పక్కపక్కన నడవొచ్చయ్యా” అని మాత్రము అని ముందుకు సాగినాడు.

ఇక బాలకృష్ణుని చూడవలెనన్నచో చెన్నపట్టణమే పోవలెను. ఎగ్మూరు రైలుస్టేషనులో దిగినవారికి ప్రభుత్వ మ్యూజియము నడచిపోదగినంత దూరము. ఉదయగిరి, ఆత్మకూరు బడుల పిల్లలు ఎప్పుడైన అక్కడికి విహారయాత్రకు పోయినచో, ఆ గదిలో కూర్చున్న స్వామి ఎదుట నిలిచి, ఈయన మా ఊరివాడేనని కాపలావానితో చెప్పవచ్చును.